ఎండు బరువు

రెండున్నర కేజీలు తీసేద్దామా అని టెక్నీషియను ఉమామహేష్ డయాలసిస్ మిషను మీద మీట నొక్కినప్పుడల్లా యువరాజుకి నవ్వొస్తుంది, ఎంత సులువుగా అనేస్తాడో మహానుభావుడు, సంతలో వంకాయలు తూచి పక్కన పెట్టినట్టు. ఆ రెండున్నర కేజీలు ఒంట్లోంచి దించడానికే కదా ఒకప్పుడు తను అన్ని తెల్లవారుజాములు సముద్రం ఒడ్డున తడి ఇసకలో పడి పరిగెత్తింది, కంచంలో సగం అన్నం అమ్మ చూడకుండా కుక్కకి తోసేసింది. ఇప్పుడు చూడు, పలాస ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం మీద పడుకుని ఎడం చేతికి రెండు సూదులు గుచ్చించుకుంటే చాలు. ఒక సూదిలోంచి రక్తం బయటికి పోతుంది, రెండో సూదిలోంచి వెనక్కి వస్తుంది, కిడ్నీలు చెయ్యాల్సిన పనంతా మధ్యలో ఆ మిషను చేస్తుంది, ఒంట్లో నిలవైన నీటిని పిండి పక్కకి పోస్తుంది, నాలుగు గంటలయ్యేసరికి మనిషి తేలికైపోతాడు. పరుగు లేదు, చెమట లేదు. లేచి కాటా ఎక్కితే అచ్చంగా తను అప్పట్లో కలగన్న బరువే. దాన్ని వీళ్ళు డ్రై వెయిట్ అంటారు. ఎండు బరువన్నమాటే అమ్మా అని ఇంటికెళ్ళి చెప్తే తల్లి చిన్నమ్మి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, పెళ్ళైన దగ్గర్నుంచీ ఒడ్డున చేపలెండబెట్టే మనిషి, ఎండితే ఏది ఎంత తరుగుతుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

కాళ్ళ దగ్గర స్టూలు మీద చెల్లెలు గౌతమి కూర్చుంది, పాదాల మధ్య సంచి, సంచిలో బూట్లు. రేపు పొద్దున విశాఖలో సెలక్షను, పదిహేనువందల మీటర్ల పరుగు, మొదటి ఇద్దరిలో వస్తే రాష్ట్ర జట్టు, జట్టులో ఉంటే ఇవాళ కాకపోతే రేపు ఉద్యోగం. ఊళ్ళో సగంమంది అప్పుడే ఆ పిల్లకి పోలీసు బట్టలు తొడిగేసి మాట్లాడుతున్నారు. సోమేశ్వరరావు మాస్టారు మిగిలిన పిల్లల్ని వ్యానులో ఎక్కించుకుని మందస వైపు నుంచి వస్తూ ఆసుపత్రి గేటు దగ్గర హారన్ కొడతారు, గౌతమి పరిగెత్తుకెళ్ళి ఎక్కేస్తుంది, టెక్కలి మీదుగా పోతే చీకటి పడేలోపు విశాఖ. ఈలోపు అన్నని చూసి పోదామని వచ్చింది. వచ్చి అరగంటైంది. వస్తూ వస్తూ గేటు దగ్గర కొన్న నీళ్ళ సీసా కిటికీ గట్టు మీద పెట్టింది. చల్లటి సీసా, చుట్టూ చెమట పట్టి ఒక బొట్టు మెల్లగా కిందికి జారుతోంది, యువరాజు చూపు ఆ బొట్టుతో పాటే జారుతోంది. రోజు మొత్తానికి తనకి రాసిపెట్టిన నీళ్ళు రెండు గ్లాసులు, అందులోనే మాత్రలు మింగాలి, అందులోనే కాఫీ, అందులోనే కూరలో పులుసు. నాలుక అట్టముక్కలా ఉంటుంది. ఊరంతా కొబ్బరితోటలే, బొండాం మాత్రం ముట్టకూడదు, ఒక్క కాయ తాగినా గుండె ఆగుతుందిట. దాహమంటే ఏమిటో ఎవరైనా అడిగితే గంటసేపు చెప్పగలడు. అందుకేనేమో, ఆ సీసా మూత సీలు ఇంకా తెగలేదని చాలాసేపటికి గానీ పట్టలేదు, అంత నీళ్ళు పక్కన పెట్టుకుని ఈ పిల్ల ఒక్క గుక్కైనా తాగలేదేమిటి అని.

"ఒరే బాబూ," అంది పక్క మంచం మీది పెద్దతల్లి, జీడితోటల ఊరి ముసలమ్మ, వారానికి మూడుసార్లు తనతో పాటే వస్తుంది, మిషను పెట్టినంతసేపూ ఆమె నోటికి మాత్రం ఏ గొట్టమూ అడ్డం రాదు. "నీ సెల్లి ఎండుసేపలాగ అయిపోనాదేటిరా? కూడు ఎడతన్నారా నేదా?"

"ఇది ఫిట్‌నెస్ అమ్మమ్మా," అని నవ్వింది గౌతమి. నవ్వితే పెదవి చిట్లింది, నాలుకతో తడుపుకుంది.

"అలగేటి. మా ముసలోడికీ పోయిన ముందు అదే వొచ్చినాది తల్లీ."

చిట్లిన ఆ పెదవి చూడగానే యువరాజుకి నోట్లో ఉప్పు తగిలింది, సముద్రపు గాలికి పరిగెత్తినప్పుడు పెదాల మీద పేరుకునే ఉప్పు, అప్పుడూ ఇలాగే చిట్లేవి, ఎంత గర్వంగా ఉండేదో అప్పుడు! మిలటరీలో పాతికేళ్ళు చేసొచ్చిన సోమేశ్వరరావు మాస్టారు పిల్లలందర్నీ ఒడ్డున వరసగా నిలబెట్టి చెప్పేవారు, గుర్రం మీద మూట దించితే గుర్రం పరిగెడతాది, మీ మీద మీరే మూటరా, దించండి, టైం అదే తగ్గుద్ది అని. అబద్ధం చెప్పలేదాయన, అదే కదా బాధ. బలిసి ఉన్నవాడికి ఆ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. చేపల వ్యాపారి నారాయణరావు కాటా ఒడ్డునే ఉండేది, పడవలు రాకముందు ఆ కాటా ఎక్కి తూచుకునేవాళ్ళు, పాదాలకి పొలుసులంటుకునేవి. మొదటి కేజీ దిగగానే పదహారువందల మీటర్లలో టైం దిగింది, రెండో కేజీకి మళ్ళీ దిగింది, అబ్బ, ఇసక తనని కింద నుంచి ఎగరేస్తున్నట్టుండేది, పక్కన పరిగెత్తేవాళ్ళ ఆయాసం వెనక్కి వెనక్కి వెళ్ళిపోయేది. ఒంట్లోంచి తను పారేస్తున్న ప్రతి ముక్కకీ ఎవరో కాలం తూచి చేతిలో పెడుతున్నట్టుండేది. నాలుగో కేజీకి నారాయణరావు, ఇంకో నెలకి నిన్ను ఐసులో ఎట్టి కలకత్తా పంపీవచ్చురా, ముల్లు తప్ప ఏటీ నేదు అన్నాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వాడు.

కూడు మానడం కష్టమే గానీ నీళ్ళు మానడం కష్టం కాలేదు. వేరే ఊళ్ళో అయితే తల్లులు తిట్టేవాళ్ళు, ఏరా నీళ్ళు తాగకుండా పరిగెడతావేంట్రా అని. ఉద్దానంలో ఎవరు తిడతారు? ఇంటికొకరు కిడ్నీలు పోయి పోతుంటే, ఎందుకు పోతున్నాయో వచ్చిన ప్రతి డాక్టరూ సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళడమే గానీ ఇదీ సంగతని చెప్పినవాడు లేకపోతే, జనం చివరికి నీళ్ళనే అనుమానించడం నేర్చుకున్నారు. పెదనాన్న పోయినప్పుడు నాన్న అసిరయ్య పెరట్లో బోరు హ్యాండిలు విరగ్గొట్టేశాడు. తర్వాత క్యాన్లొచ్చాయి, కుళాయిలొచ్చాయి, ఎక్కడి నుంచో గొట్టాల్లో మంచి నీళ్ళన్నారు, అయినా గ్లాసు ఎత్తేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, ఆ ఆగడం ఎక్కడికి పోతుంది? కాబట్టి పరుగు ముందు రోజు నీళ్ళు ముట్టొద్దు, నీళ్ళూ బరువే అని కుర్రాళ్ళలో ఎవడో అంటే అది చాలా తెలివైన మాటగా వినిపించింది, రెండు విధాలా లాభమే కదా. మా గుంటడు నీరు ముట్టడమ్మా, ఆడికి ఏ జబ్బూ రాదు అని అమ్మ వీధిలో గొప్పలు చెప్పుకునేది. ఎండలో ఒళ్ళు పీచులా ఎండేదాకా పరిగెత్తి, పిక్కలు పీకితే మందుల కొట్లో నొప్పి బిళ్ళ కొని, దాన్ని కూడా ఉమ్మితో మింగేవాడు. గౌతమి అప్పుడు తొమ్మిదో తరగతి. అన్న వెనకాల పరిగెత్తేది. దాహమేస్తే గులకరాయి బుగ్గన పెట్టుకో, దాహం పోద్ది అని నేర్పింది తనే, రాయి ఏరి తుడిచి దాని నోట్లో పెట్టింది కూడా తనే.

ఎన్ని కేజీల దగ్గర ఆ మలుపు వచ్చిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేడు. బరువు తగ్గుతోంది, టైం కదలట్లేదు. మరికొంచెం తగ్గాడు, టైం పెరిగింది. ఇదేంటని మాస్టారిని అడిగితే ఇంకా మూటుందిరా నీ మీద అన్నారు. ఇంకా దించాడు. పొట్ట మీద చర్మం పట్టుకుంటే కాగితంలా లేచేది, ఇంకా ఎక్కడుందా మూట అని రాత్రిళ్ళు పక్కటెముకలు తడుముకునేవాడు. ముందు కొవ్వు పోతుంది, ఆ తర్వాత కండ పోతుంది, ఆ తర్వాత పోవడానికి మనిషి తప్ప ఏముంటాడు? ఈ ముక్క చెప్పినవాడు లేడు. పొద్దున్నే మూత్రంలో నురగ వచ్చేది, సబ్బు కలిపినట్టు. పాదాలు వాచి బూట్లు పట్టకపోతే లేసులు వదులు చేసుకున్నాడు. రక్తం తీయించుకోరా అని అమ్మ కాళ్ళా వేళ్ళా పడితే పరుగయ్యాక తీయించుకుంటానే అన్నాడు. మిలటరీ భర్తీ ర్యాలీలో ఆఖరి చుట్టులో ముందున్నవాళ్ళ వీపులు ఒక్కొక్కటే దూరమవుతుంటే కాళ్ళు ఎక్కడికి పోయాయో తెలీలేదు, మోకాళ్ళ కింద ఏమీ లేనట్టు అనిపించి నేల మీద కూర్చుండిపోయాడు. అందరూ దాటి వెళ్ళిపోయిన తర్వాత ఆ ట్రాక్ ఎంత నిశ్శబ్దంగా ఉందో, తన ఊపిరి తనకే ఎవరిదో లాగ వినిపించింది.

కిడ్నీలు పోయాయని రక్తం చూసి చెప్పిన డాక్టరు జానకిరామ్ మంచాయన. నీళ్ళు మానడం వల్లేనా సార్ అని అడిగితే అలా తేల్చి చెప్పలేనయ్యా, ఇక్కడ ఏ తప్పూ చెయ్యనివాళ్ళకీ వస్తోంది, కానీ ఒళ్ళు ఎండగట్టడం, ఆ బిళ్ళలు మింగడం ఏ కిడ్నీకీ మంచిది కాదు, నీకైతే అసలు కాదు అన్నాడు. అందులో మొదటి సగం మాత్రమే యువరాజు ఇంటికి పట్టుకెళ్ళాడు. తేల్చి చెప్పలేమన్నారు నాన్నా, ఊరి జబ్బే అన్నాడు. నాన్న బోరు వైపు చూసి ఉమ్మేశాడు. రెండో సగం చెల్లెలికి చెప్పాలి కదా. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే సిగ్గు లేకుండా ఒప్పుకోవాలిగా, ఆ పిల్ల టైము మీద బతుకుతున్నాడు తను. రోజు విడిచి రోజు ఈ మంచం మీద పడుకుని కళ్ళు మూసుకుంటే గౌతమి నిన్న పరిగెత్తిన పరుగు తన కాళ్ళలోకి వస్తుంది, మలుపు దగ్గర మోచెయ్యి ఎలా లోపలికి తియ్యాలో, ఆఖరి రెండొందల్లో ఎక్కడ ఊపిరి దాచాలో అన్నీ తనే పరిగెత్తి చూస్తాడు, ఇంటికెళ్ళి చెప్తాడు. అది గెలిస్తే తను గెలిచినట్టే, ఇంక తనకి మిగిలింది అదొక్కటే, దాన్ని కూడా ఎవడు చెడగొట్టుకుంటాడు? తాగు, తిను, రక్తం చూపించుకో అంటే ఎక్కడ బరువు పెరుగుతుందో, ఎక్కడ టైము పోతుందో. ఛీ, ఎంత పాడు బుద్ధి!

పిక్క పట్టేసింది. మిషను నీళ్ళు ఎక్కువ లాగితే ఇలాగే పడుతుంది, గెలుపు గీత దగ్గర పట్టినట్టే, ముడి ముడిగా లేచి ప్రాణం తోడేస్తుంది. అమ్మా అని మూలిగాడు. గౌతమి ఒక్క ఉదుటున వచ్చి అన్న పాదం రెండు చేతులా పట్టుకుని వేళ్ళు వెనక్కి వంచి నొక్కింది, తను నేర్పినట్టే. పిక్క మెల్లగా వదిలింది. వదిలాక యువరాజు కళ్ళు తెరిచి తన పాదం మీదున్న చేతులు చూశాడు, మణికట్టు దగ్గర ఎముక గుండ్రంగా పొడుచుకొచ్చి ఉంది, గాజు మోచేతి దాకా జారిపోయింది.

"నిజం సెప్పు. మొన్న టైం ఎంతొచ్చినాది?"

"బాగానే వొచ్చినాది అన్నియ్యా."

"ఒలే, నాకాడ దాచకు."

గౌతమి పాదం ఒదల్లేదు. "పెరిగినాది. ఆరు సెకన్లు."

"అంతకు ముందు వారమో?"

"అప్పుడూ కూసింత పెరిగినాది. కానీ బరువు తగ్గతానే ఉంది అన్నియ్యా, నిన్న కూడా తగ్గినాది. మరెందుకిలగవుతందో తెలీడం నేదు. ఇంకో కేజీ దించితే సరిపోద్దన్నారు మాస్టారు. నిన్న మజ్జాన్నం నుంచీ నీరు ముట్టనేదు."

గదిలో అన్ని మిషన్లూ ఒకేసారి ఆగిపోయినట్టయింది. ఆగలేదు, తన మిషను గిర్రున తిరుగుతూనే ఉంది. బరువు తగ్గుతోంది, టైం పెరుగుతోంది. ఇదే ఇసక, ఇదే కాటా, ఇవే మాటలు, తను నడిచి వచ్చిన దారిలో తన అడుగుల్లోనే అడుగులేసుకుంటూ ఈ పిల్ల ఎంత దూరం వచ్చేసిందో దేవుడా! దాని కళ్ళ కింద ఆ ఉబ్బు తన కోసం ఏడిస్తే వచ్చిందనుకున్నాడు ఇన్నాళ్ళూ. సూదులున్న చేతిలో రక్తం జుయ్యిమంటోంది.

"వ్యాను ఎక్కొద్దు. రక్తం తీయించుకో, ఇక్కడే, ఇప్పుడే."

"పరుగయ్యాక తీయించుకుంటాను."

అచ్చం అదే మాట, ఆ విసుగు కూడా తనదే. ఎవరో వెనకనుంచి చెంప మీద కొట్టినట్టయింది యువరాజుకి. తర్వాత అన్నీ కలిపి గడబిడగా చెప్పేశాడు, నాను నీరు తాగనేదు, బిళ్ళలు మింగీసినాను, డాక్టరు సెప్పినాడు, నీకు సెప్పనేదు, నీ టైం మీద ఆశకొద్దీ సెప్పనేదు, తప్పు నాదేనే, నువ్వు తాగు, ముందు నీరు తాగు అని. గౌతమి తెల్లబోయి చూసింది. కళ్ళల్లో ఒకేసారి భయమూ కోపమూ కనబడ్డాయి. "ఈ రోజు సెప్తావేటి? రేపు పరుగెట్టుకుని ఈ రోజు సెప్తావేటి?" అంది. నాలుగేళ్ళ కష్టం, ఆఖరి రోజు, అంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

గేటు దగ్గర హారన్ మోగింది.

గౌతమి సంచి భుజానికి తగిలించుకుంది. సీసా అక్కడే వదిలేసింది, తాగని నీళ్ళు మొయ్యడమెందుకని కాబోలు. గుమ్మం ఎంత దూరం, గట్టిగా ఏడడుగులు ఉంటుందేమో. ఒకప్పుడు ఈ తీరంలో తనని దాటినవాడు లేడు, ఇప్పుడు ఈ ఏడడుగులు వెనకబడిపోయాడు. లేవబోయాడు, సూది కదిలి మిషను కీచుమని అరిచింది, ఎడం చెయ్యి మంచానికి కట్టేసినట్టుంది. "ఒరే కదలకురా, రత్తం సిమ్ముద్ది!" అని అరిచింది పెద్దతల్లి. హారన్ మళ్ళీ మోగింది. గౌతమి గుమ్మం దాటుతోంది, వీపు కనిపిస్తోంది, ఆ ఆఖరి చుట్టులో దూరమైన వీపుల్లాగే దూరమైపోతోంది. మిగిలింది ఒక్క కుడి చెయ్యి. దాన్ని కిటికీ గట్టు మీదికి చాపి సీసా అందుకున్నాడు, పళ్ళతో మూత సీలు తెంపాడు.

"గౌతమీ! నువ్వు తాగకపోతే ఇదంతా నాను తాగీస్తాను. సూడు."

ఎత్తి నోట్లో పోసుకున్నాడు. గౌతమి వెనక్కి తిరిగింది. తిరిగి ఎలా పరిగెత్తుకొచ్చిందో, రెండంగల్లో మంచం దగ్గరుంది, సీసా లాక్కుంది. "నీకేటి పిచ్చా? సచ్చిపోతావు! అన్నియ్యా, మింగకు, ఉమ్మీ, ఉమ్మీ!" యువరాజు బుగ్గలు పూరించి నోరు గట్టిగా మూసుకుని ఆమె వైపే చూశాడు, మింగలేదు, ఉమ్మనూ లేదు. చూపుడు వేలితో సీసా చూపించాడు, తర్వాత ఆమెని చూపించాడు. బయట హారన్ ఈసారి ఆగకుండా మోగుతోంది. గౌతమి ఏడ్చేసింది, ఏడుస్తూనే సీసా ఎత్తింది, మొదటి గుక్కకి పొలమారింది.

"తాగి ఏడు తల్లీ," అంది పెద్దతల్లి. "ఏడిసేదానికీ నీరు కావాల."

రెండో గుక్క. మూడోది. ఆ తర్వాత ఆ పిల్ల తనని తాను ఆపుకోలేకపోయింది, ఎన్నాళ్ళ దాహమో, కళ్ళు మూసుకుని గటగటా తాగేసింది, గొంతు పైకీ కిందికీ కదులుతోంది, గడ్డం మీంచి ధారగా కారి పరుగు బనీను తడిసింది. యువరాజు నోట్లో నీళ్ళు పట్టుకుని ప్రతి గుక్కా చూశాడు. నాలుక కింద చల్లగా, పంటి సందుల్లో చల్లగా, అది నోరు కాదన్నట్టు ఒళ్ళంతా వచ్చి ఆ ఒక్క గుక్క చుట్టూ మూగింది. ఆమె తాగడం కాగానే ఉమ్మేద్దామనుకున్నాడు, మంచం కింద పళ్ళెం ఉంది. సీసా ఖాళీ అయింది. బయట హారన్ ఆగింది, ఫోను మోగింది, గౌతమి తియ్యలేదు. స్టూలు మీద కూలబడి అరచేత్తో మూతి తుడుచుకుంది. నేల వైపు చూస్తూ, చిన్నప్పుడు చీకట్లో పిలిచినంత సన్నగా అడిగింది.

"అన్నియ్యా, నీకు మొదట్లో నురగొచ్చేది కాదేటి, పొద్దున్న పూట? అది వొచ్చిన ఎన్నాళ్ళకి తెలిసినాది?"

దానికి జవాబు చెప్పాలి. అంతకంటే ముందు ఉమామహేష్‌ని పిలవాలి, ఈ గుంటకి రక్తం తియ్యి బాబూ, బేగి తియ్యి అని. పిలవాలంటే నోరు ఖాళీ కావాలి. పళ్ళెం అందలేదు. యువరాజు మింగేశాడు, తియ్యగా ఉన్నాయి నీళ్ళు, అంత తియ్యగా ఉన్నందుకు కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే గొంతు పెద్దది చేసి పిలిచాడు.